ఒకే రోజు రెండు ఓట్లు: ఏ తీర్పు దేనిని లాగుతోంది?

2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఓటర్లు ఒకే రోజు పోలింగ్ కేంద్రాలకు వెళ్లారు. ఎండ ఒకటే, భాష ఒకటే, టీవీల్లో హోరెత్తిన జాతీయ ప్రచారమూ ఒకటే. తేడా ఓట్ల సంఖ్యలో ఉంది. ఆంధ్రప్రదేశ్ ఓటరు లోక్‌సభకు ఒకటి, శాసనసభకు ఒకటి చొప్పున రెండు ఓట్లు వేశారు. తెలంగాణలో శాసనసభ ఎన్నికలు 2023 నవంబరు 30నే ముగిసినందున, సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఉప ఎన్నికను మినహాయిస్తే అక్కడి ఓటరుకు మిగిలింది లోక్‌సభ ఓటు మాత్రమే. ఆ రోజు లోక్‌సభ ఎన్నికలకు ఆంధ్రప్రదేశ్‌లో 80.66 శాతం, తెలంగాణలో 65.67 శాతం పోలింగ్ నమోదైంది. 2019 ఏప్రిల్ 11న కూడా రెండు రాష్ట్రాలూ ఒకే రోజు ఓటేశాయి. అప్పుడూ ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటితే, తెలంగాణలో 63 శాతానికి అటూ ఇటూగా ఆగింది.

దేశమంతటా లోక్‌సభకు, శాసనసభలకు ఒకేసారి ఎన్నికలు జరపాలన్న రాజ్యాంగ (129వ సవరణ) బిల్లును కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టింది. ప్రవేశ దశలోనే ఓటింగ్ కోరగా 269 మంది అనుకూలంగా, 198 మంది వ్యతిరేకంగా ఓటేశారు. ఆపై బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. జమిలి ఎన్నికలపై చర్చ ఎక్కువగా ఖర్చు, ఎన్నికల నియమావళి వల్ల ఆగిపోయే పనులు, భద్రతా బలగాల తరలింపు చుట్టూ తిరుగుతోంది. ఒక ఎన్నిక మరో ఎన్నిక ఫలితాన్ని ఎలా మారుస్తుందన్న ప్రశ్న మాత్రం రెండు నినాదాల మధ్య చిక్కుకుంది. జమిలి వస్తే జాతీయ పార్టీలదే రాజ్యమని ఒక పక్షం, ఓటరు తెలివైనవాడు కనుక ఏ ప్రభావమూ ఉండదని మరో పక్షం వాదిస్తున్నాయి. తెలుగు రాష్ట్రాల అనుభవం ఈ రెండు వాదనలనూ సమర్థించదు.

పోలింగ్ కేంద్రానికి రప్పించేది ఎవరు?

రెండు రాష్ట్రాల మధ్య కనిపించే 15 శాతం పైచిలుకు అంతరమంతా జమిలి మహిమే అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ మహానగరం తెలంగాణ సగటును కిందికి లాగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతటి నగరం లేదు. అందువల్ల తెలంగాణను తెలంగాణతోనే పోల్చడం మేలు. 2018 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో 73 శాతం దాటిన పోలింగ్, నాలుగు నెలలకే జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో సుమారు 10 శాతం పడిపోయింది. 2023లో సుమారు 71 శాతం ఉన్నది 2024 లోక్‌సభ నాటికి 66 శాతం లోపుకు దిగింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలోనూ 2023 చివర శాసనసభ ఎన్నికలు, 2024లో లోక్‌సభ ఎన్నికలు విడివిడిగా జరిగాయి. రెండు చోట్లా పోలింగ్ 10 శాతానికి పైగా తగ్గింది. కాబట్టి విడదీయడం వల్ల లోక్‌సభ ఎన్నిక నష్టపోయేది రాష్ట్రాన్ని బట్టి సుమారు 5 నుంచి 13 శాతం అనుకోవచ్చు.

ఇందులో గమనించాల్సిన మరో విషయం ఉంది. పోలింగ్ తగ్గిందనగానే నింద హైదరాబాద్ ఓటరు మీద పడుతుంది. సెలవు తీసుకుని ఇంట్లో కూర్చున్నారన్న మాట ప్రతి ఎన్నికకూ వినిపిస్తుంది. కానీ హైదరాబాద్ జిల్లాలో 2023 శాసనసభ ఎన్నికలకే సుమారు 48 శాతం మంది ఓటేశారు. హైదరాబాద్ లోక్‌సభ స్థానంలో 2024లోనూ దాదాపు అంతే. అక్కడ కొత్తగా తగ్గింది పెద్దగా లేదు. యాదాద్రి భువనగిరి జిల్లాలో శాసనసభ ఎన్నికలకు సుమారు 90 శాతం మంది ఓటేయగా, భువనగిరి లోక్‌సభ స్థానంలో దాదాపు 77 శాతం నమోదైంది. జిల్లా, లోక్‌సభ స్థానం హద్దులు పూర్తిగా ఒకటి కాకపోయినా ధోరణి స్పష్టమే. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ పోలింగ్ జరిగిన లోక్‌సభ స్థానంలోనే ఇంత తేడా వచ్చింది. ఎమ్మెల్యే ఎన్నికకు వచ్చి ఎంపీ ఎన్నికకు రానివారు ప్రధానంగా పల్లె ఓటర్లు, పల్లె నుంచి వలస వెళ్లినవారు.

కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. పింఛను, రేషన్ కార్డు, ఇంటి స్థలం, ఊరి రోడ్డు అన్నీ ఎమ్మెల్యే చుట్టూ తిరిగే వ్యవహారాలు. ఎంపీని చాలా గ్రామాలు ఐదేళ్లలో ఒకటి రెండుసార్లు చూస్తే గొప్ప. పార్టీ యంత్రాంగం కూడా అలాగే కదులుతుంది. ఎన్నికల సంఘం పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థి వ్యయ పరిమితిని శాసనసభకు రూ.40 లక్షలుగా, లోక్‌సభకు రూ.95 లక్షలుగా 2022లో నిర్ణయించింది. తెలుగు రాష్ట్రాల్లో ఒక్కో లోక్‌సభ స్థానం పరిధిలో 7 శాసనసభ నియోజకవర్గాలు ఉంటాయి. లోక్‌సభ అభ్యర్థి తన పరిమితిని వాటికి సమానంగా పంచితే ఒక్కోదానికి రూ.14 లక్షలు కూడా రావు. అదే జమిలిలో ఒక పార్టీకి చెందిన ఏడుగురు శాసనసభ అభ్యర్థులు చట్టబద్ధంగానే మరో రూ.2.8 కోట్లు ఖర్చు చేయగలరు. చట్టానికి కనిపించని ఖర్చు సంగతి వేరే చెప్పాలా? ఓటరు స్లిప్పులు పంచేవారు, వృద్ధులను ఆటోల్లో తీసుకొచ్చేవారు, హైదరాబాద్, బెంగళూరుల్లోని వలస కుటుంబాలకు ఫోన్లు చేసి రప్పించేవారు ప్రధానంగా శాసనసభ అభ్యర్థుల మనుషులే. 2024 మే రెండో వారంలో హైదరాబాద్ నుంచి ఆంధ్రప్రదేశ్ వైపు బస్సులు, రైళ్లు కిక్కిరిసిపోవడానికి, కొన్ని కేంద్రాల్లో అర్ధరాత్రి దాటేవరకూ పోలింగ్ సాగడానికి లోక్‌సభ అభ్యర్థులు కారణం కాదు.

దీనికి చారిత్రక సాక్ష్యమూ ఉంది. 1951-52 నుంచి 1967 వరకు నాలుగు సార్వత్రిక ఎన్నికలు లోక్‌సభకు, చాలా శాసనసభలకు కలిపే జరిగాయి. 1967లో 61 శాతం పోలింగ్ నమోదైంది. 1970 డిసెంబరులో లోక్‌సభను గడువుకు ముందే రద్దు చేసి ఇందిరా గాంధీ 1971 మార్చిలో ఎన్నికలకు వెళ్లారు. దాంతో చాలా రాష్ట్రాల్లో ఢిల్లీ ఎన్నిక రాష్ట్ర ఎన్నిక నుంచి విడిపోయింది. దేశమంతా ‘గరీబీ హఠావో’ మార్మోగిన ఆ ఎన్నికలో పోలింగ్ 55 శాతానికి పడిపోయింది. అదే సమయంలో శాసనసభ ఎన్నికలు కూడా కలిసి వచ్చిన తమిళనాడులో అది 70 శాతం దాటింది. జమిలి వల్ల పోలింగ్ పెరుగుతుందన్న మాట నిజమే. అయితే ఆ పెరిగిన భాగం లోక్‌సభ తన బలంతో సంపాదించినది కాదు, శాసనసభ దగ్గర అప్పు తెచ్చుకున్నది. అప్పు ఇచ్చినవారు అజెండాను కూడా వెంట తెస్తారు.

రాష్ట్రం కోపం, ఢిల్లీ ఫలితం

జమిలి ఎన్నికల్లో జాతీయ గాలి రాష్ట్రాన్ని ఊడ్చేస్తుందన్న భయానికి ఆంధ్రప్రదేశ్ చరిత్ర అడ్డంగా నిలుస్తుంది. 1999 నుంచి 2024 వరకు ఈ రాష్ట్రంలో ఆరుసార్లు లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు కలిసే జరిగాయి. ఎక్కువసార్లు ప్రభావం కింది నుంచి పైకే ప్రవహించింది.

2004ను చూడండి. 2003 అక్టోబరులో అలిపిరి దాడి తర్వాత నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభను ముందే రద్దు చేశారు. వాజ్‌పేయీ ప్రభుత్వం కూడా లోక్‌సభ ఎన్నికలను ముందుకు జరిపింది. రెండూ కలిసి వచ్చాయి. ఆ ఎన్నికలో రాష్ట్ర ఓటరు ముందున్న ప్రశ్న ‘భారత్ వెలిగిపోతోందా లేదా’ అన్నది కాదు. వరుస కరవులు, రైతుల ఆత్మహత్యలు, కరెంటు బిల్లులు, తెలంగాణ ఆకాంక్ష ఎన్నికను నడిపాయి. శాసనసభలో తెలుగుదేశం 47 స్థానాలకు కుదించుకుపోగా, లోక్‌సభలో 29 నుంచి 5కు పడిపోయింది. కాంగ్రెస్ లోక్‌సభ బలం రాష్ట్రంలో 5 నుంచి 29కి ఎగబాకింది. దేశం మొత్తం మీద కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138 స్థానాలు వచ్చాయి. ఏడు స్థానాల ఆ తేడాను ఆంధ్రప్రదేశ్ లెక్క పక్కన పెట్టి చూస్తే, ఢిల్లీలో ప్రభుత్వం మారడంలో హైదరాబాద్ సచివాలయం మీద ఉన్న కోపానికి ఎంత వాటా ఉందో తెలుస్తుంది. 2009లో కాంగ్రెస్ గెలిచిన 206 స్థానాల్లో 33 ఈ రాష్ట్రానివే. 2024లో బీజేపీ 240 వద్ద ఆగినప్పుడు కీలకమైన తెలుగుదేశం 16 స్థానాలూ ప్రధానంగా ఒక రాష్ట్ర ప్రభుత్వం మీద వచ్చిన తీర్పు నుంచి పుట్టినవే.

1989 కూడా అలాంటిదే. బోఫోర్స్ దుమారంలో ఉత్తరాదిన కాంగ్రెస్ కుప్పకూలిన ఆ నవంబరులో ఆంధ్రప్రదేశ్ మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 39 కాంగ్రెస్‌కే ఇచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వంపై వ్యతిరేకత శాసనసభతో పాటు లోక్‌సభ పెట్టెలోనూ పడింది. కేంద్రాన్ని శిక్షించాలనుకున్న ఓటరు ఈ రాష్ట్రంలో లేడని కాదు. రెండు కోపాలు ఒకే రోజు పోటీ పడితే దగ్గరున్న కోపం గెలిచింది.

ఇక్కడ ఒక గణాంకాన్ని జాగ్రత్తగా చదవాలి. 1999 నుంచి 2014 వరకు జరిగిన ఎన్నికలను పరిశీలించిన ఐడీఎఫ్‌సీ ఇన్‌స్టిట్యూట్, ఎన్నికలు ఒకేసారి జరిగితే ఓటరు రెండు చోట్లా ఒకే పార్టీని ఎంచుకునే అవకాశం 77 శాతమని, ఆరు నెలలు ఎడం ఉంటే అది 61 శాతానికి తగ్గుతుందని లెక్కగట్టింది. జమిలిని వ్యతిరేకించేవారు తరచూ ఉదహరించే అంకె ఇది. అయితే రెండు ఫలితాలు ఒకేలా ఉన్నాయని ఈ అంకె చెబుతుంది కానీ, ఏది దేనిని లాగిందో చెప్పదు. విడిగా జరిగినా 61 శాతం కలిసే ఉంటున్నాయన్నది కూడా గమనించాలి. కలిపినందువల్ల అదనంగా వచ్చిన పోలిక 16 శాతం. అది ఢిల్లీ నుంచి వచ్చిందా, రాష్ట్ర రాజధాని నుంచి వచ్చిందా అన్నది అక్కడ ఏ పార్టీ వేళ్లు లోతుగా ఉన్నాయన్న దానిపై ఆధారపడుతుంది.

విడిపోతే తెరుచుకునే తలుపు

ప్రాంతీయ పార్టీలకు జమిలి ప్రమాదమన్న వాదనకు తెలంగాణ ఎదురు ఉదాహరణగా మారింది. 2014లో ఉమ్మడి రాష్ట్రంలో భాగంగా ఇక్కడా రెండు ఎన్నికలు కలిసే జరిగాయి. తెలంగాణ రాష్ట్ర సమితి 119 శాసనసభ స్థానాల్లో 63, 17 లోక్‌సభ స్థానాల్లో 11 గెలిచింది. జాతీయ స్థాయిలో మోదీ ప్రభంజనం వీచిన ఆ ఏడాది బీజేపీకి ఇక్కడ దక్కింది ఒక్క లోక్‌సభ స్థానమే. 2018 సెప్టెంబరు 6న నాటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు శాసనసభను రద్దు చేసి లోక్‌సభ ఎన్నికల నుంచి రాష్ట్రాన్ని విడదీశారు. జాతీయ నాయకుల పోటీలో రాష్ట్ర తీర్పు కొట్టుకుపోకూడదన్నది వ్యూహం. శాసనసభ వరకు అది అద్భుతంగా ఫలించి 88 స్థానాలు వచ్చాయి. బీజేపీకి ఒక్కటే మిగిలింది.

నాలుగు నెలల తర్వాత అదే బీజేపీ 4 లోక్‌సభ స్థానాలు గెలిచింది. వాటిలో నిజామాబాద్ కథ ప్రత్యేకం. ఆ లోక్‌సభ స్థానం పరిధిలోని ఏడు శాసనసభ నియోజకవర్గాలనూ 2018 డిసెంబరులో టీఆర్ఎస్సే గెలుచుకుంది. అంతటి కంచుకోటలో సిట్టింగ్ ఎంపీ, ముఖ్యమంత్రి కుమార్తె కల్వకుంట్ల కవిత 70 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో అభ్యర్థుల సంఖ్య 185కు చేరి, దేశం దృష్టి ఆ జిల్లాపై పడింది. గెలిచిన ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్‌పై రాసిచ్చారు. బోర్డు చివరకు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. శాసనసభ ఎన్నిక అదే రోజు జరిగి ఉంటే రైతుబంధు, పింఛన్లు ప్రచారాన్ని నింపేవి. కేంద్రం చేతిలో ఉన్న పసుపు బోర్డు డిమాండుకు ఎన్నికను మలుపు తిప్పే చోటు దొరికేది కాదు. లోక్‌సభ ఎన్నిక ఒంటరిగా వచ్చినందువల్లే లోక్‌సభకు సంబంధించిన ప్రశ్న లోక్‌సభ ఎన్నికలో వినిపించింది.

ఈ తలుపు తెరుచుకోవడం మొదటిసారి కాదు. 1994 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీజేపీకి 3 స్థానాలే వచ్చాయి. 1998లో లోక్‌సభ ఎన్నిక ఒంటరిగా వచ్చేసరికి ఆ పార్టీ సుమారు 18 శాతం ఓట్లతో 4 స్థానాలు గెలిచింది.

2024 నాటికి చిత్రం మరింత స్పష్టమైంది. 2023 శాసనసభ ఎన్నికల్లో ఓడినప్పటికీ 37 శాతం ఓట్లు, 39 స్థానాలు నిలబెట్టుకున్న బీఆర్ఎస్, ఐదు నెలలకే లోక్‌సభ ఎన్నికల్లో 17 శాతం లోపు ఓట్లకు పడిపోయి ఒక్క స్థానమూ గెలవలేదు. బీజేపీ 14 శాతం నుంచి 35 శాతానికి పెరిగింది. అదే రోజు పక్క రాష్ట్రంలో అంతకంటే ఘోరంగా శాసనసభను కోల్పోయిన వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి శాసనసభలోనూ లోక్‌సభలోనూ 39 శాతం పైగానే ఓట్లు పడ్డాయి. 175లో 11 శాసనసభ స్థానాలకే పరిమితమైన ఆ పార్టీ 25లో 4 లోక్‌సభ స్థానాలు దక్కించుకుంది. ఓడిన రెండు ప్రాంతీయ పార్టీల్లో ఒకదానికి లోక్‌సభలో గొంతు మిగలడంలో, మరొకదానికి లేకపోవడంలో ఎన్నికల క్యాలెండర్ పాత్ర చిన్నది కాదు.

ఒడిశా చెప్పే జాగ్రత్త

అలాగని జమిలి ప్రాంతీయ పార్టీలకు శాశ్వత కవచమూ కాదు. ఒడిశాలో 2004 నుంచి రెండు ఎన్నికలు కలిసే జరుగుతున్నాయి. 2014లో దేశమంతా బీజేపీ వైపు ఒరిగినా బిజూ జనతా దళ్ 21 లోక్‌సభ స్థానాల్లో 20 గెలిచింది. 2019లో శాసనసభలో భారీ ఆధిక్యం నిలుపుకొంటూనే లోక్‌సభలో 12కు తగ్గింది. ఒకే పోలింగ్ కేంద్రంలో, ఒకే రోజు, బీజేపీకి శాసనసభలో సుమారు 32 శాతం, లోక్‌సభలో 38 శాతం ఓట్లు పడ్డాయి. 2024లో బీజేడీ లోక్‌సభలో సున్నాకు చేరింది. శాసనసభలో బీజేపీ కంటే స్వల్పంగా ఎక్కువ ఓట్లు తెచ్చుకుని కూడా 51 స్థానాలతో 24 ఏళ్ల అధికారాన్ని కోల్పోయింది. 78 స్థానాలతో బీజేపీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. నవీన్ పట్నాయక్ ప్రభుత్వం బలంగా ఉన్నంతకాలం రాష్ట్రం నుంచి ఢిల్లీ వైపు సాగిన ప్రవాహం, అది అలసిపోగానే దిశ మార్చుకుంది.

క్రాస్ ఓటింగ్ చేయగల సామర్థ్యం తెలుగు ఓటరుకూ ఉంది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 శాసనసభ, 22 లోక్‌సభ స్థానాలు గెలిచింది. తెలుగుదేశానికి దక్కిన మూడు లోక్‌సభ స్థానాలు శ్రీకాకుళం, విజయవాడ, గుంటూరు. వాటి పరిధిలోని 21 శాసనసభ స్థానాల్లో 17 వైఎస్సార్ కాంగ్రెస్ ఖాతాలో పడ్డాయి. అంటే ఆ ప్రాంతాల్లో ఎంపీకి సైకిల్ గుర్తుపై, ఎమ్మెల్యేకు ఫ్యాన్ గుర్తుపై బటన్ నొక్కినవారు వేలల్లో ఉన్నారు. అయితే మూడు చోట్లా ఆధిక్యం పది వేల లోపే. విడివిడిగా ఆలోచించేవారు ఉన్నారు, కానీ వారు గట్టి పోటీ ఉన్నచోట మాత్రమే ఫలితాన్ని మార్చగలిగారు. మిగిలిన చోట్ల ప్రభంజనం వారిని కనిపించనివ్వలేదు.

రెండో మాట చెప్పే అవకాశం

ఎన్నికల మధ్య ఎడం ఉన్నప్పుడు ఓటరుకు దక్కేది, కలిపితే పోయేది ఏమిటో కర్ణాటక 1985లోనే చూపించింది. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ కాంగ్రెస్ 28లో 24 గెలిచింది. నైతిక బాధ్యత వహించి ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే శాసనసభ రద్దుకు సిఫారసు చేశారు. 1985 మార్చిలో అదే ఓటర్లు ఆయన జనతా పార్టీకి 224లో 139 స్థానాలిచ్చి తిరిగి కూర్చోబెట్టారు. ఢిల్లీలో 2014, 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఏడుకు ఏడు బీజేపీకి ఇచ్చిన ఓటరు, 2015లో 70కి 67, 2020లో 62 శాసనసభ స్థానాలు ఆమ్ ఆద్మీ పార్టీకి ఇచ్చారు. 2018 డిసెంబరులో రాజస్థాన్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో కాంగ్రెస్‌కు అధికారమిచ్చిన ఓటర్లు ఐదు నెలల తర్వాత లోక్‌సభకు బీజేపీని భారీగా గెలిపించారు. ఈ తీర్పులన్నీ ఒకే రోజు వచ్చి ఉంటే వీటిలో కొన్ని ఇలా ఉండేవి కావు. ఏవి మారేవో కచ్చితంగా చెప్పగల లెక్క లేదు కానీ, ఐడీఎఫ్‌సీ చూపిన 16 శాతం ఇలాంటి చోటే ఉంది.

పొరుగు దేశాల అనుభవం ఇంకో కోణాన్ని చూపుతుంది. పాకిస్థాన్‌లో 1988 నుంచి 1993 వరకు నేషనల్ అసెంబ్లీ ఎన్నికలు ముగిసిన మూడు రోజులకు ప్రావిన్సుల ఎన్నికలు జరిగేవి. 1988 నవంబరు 16న పంజాబ్‌లోనూ బెనజీర్ భుట్టో పార్టీ ముందంజలో ఉంది. అది చూసిన ప్రత్యర్థి కూటమి పంజాబీ ఆత్మాభిమానాన్ని నినాదం చేసుకోగా, 19వ తేదీన జరిగిన ప్రావిన్సు ఎన్నికలో ఫలితం తిరగబడి నవాజ్ షరీఫ్ ముఖ్యమంత్రి అయ్యారు. మూడు రోజుల్లో ఓటరు తన మాట సవరించుకున్నాడు. 1997 నుంచి రెండింటినీ ఒకే రోజు జరుపుతున్నారు. 2023లో ఇమ్రాన్ ఖాన్ పార్టీ పంజాబ్, ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా అసెంబ్లీలను ముందే రద్దు చేసినప్పుడు వివాదమంతా దీని చుట్టే తిరిగింది. సగానికి పైగా నేషనల్ అసెంబ్లీ స్థానాలున్న పంజాబ్‌లో ముందే ఒక ప్రభుత్వం ఏర్పడితే జాతీయ ఎన్నిక దాని నీడలో పడుతుందని నాటి కేంద్ర ప్రభుత్వం వాదించింది. మే 14న పోలింగ్ జరపాలని సుప్రీంకోర్టు ఆదేశించినా జరగలేదు. చివరకు 2024 ఫిబ్రవరి 8న అన్నీ కలిపే జరిగాయి.

ఇండోనేసియా వ్యతిరేక దిశలో నడిచింది. 2019లో అధ్యక్ష ఎన్నికను, చట్టసభల ఎన్నికలను తొలిసారి ఒకే రోజు జరిపారు. చాలా చోట్ల ఓటరు చేతికి ఐదు బ్యాలెట్లు వచ్చాయి. పోలింగ్ 80 శాతం దాటింది. లెక్కింపు భారంతో అలసి, అస్వస్థులై వందల మంది పోలింగ్ సిబ్బంది మరణించారు. స్థానిక సమస్యలు జాతీయ పోటీలో మునిగిపోతున్నాయంటూ 2025 జూన్‌లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2029 నుంచి జాతీయ, స్థానిక ఎన్నికలను విడదీయాలని తీర్పునిచ్చింది.

బిల్లు మిగిల్చిన ఖాళీలు

129వ సవరణ బిల్లు ప్రకారం సార్వత్రిక ఎన్నికల తర్వాత లోక్‌సభ తొలి సమావేశం నాడు రాష్ట్రపతి ఒక తేదీని నోటిఫై చేస్తారు. ఆ తేదీ తర్వాత జరిగే ఎన్నికల్లో ఏర్పడే శాసనసభలన్నీ ఆ లోక్‌సభ గడువుతోనే ముగుస్తాయి. 2029 లోక్‌సభతో ప్రక్రియ మొదలైతే దేశమంతా కలిసి ఓటేసేది 2034లో. మధ్యలో ఏ శాసనసభ రద్దయినా మిగిలిన కాలానికే కొత్త సభను ఎన్నుకుంటారు. అంటే ఒంటరి ఎన్నికలు పూర్తిగా పోవు. ఏడాదిన్నరో రెండేళ్లో మాత్రమే ఉండబోయే సభ కోసం జరిగే ఎన్నికకు పార్టీలు ఎంత ఖర్చు పెడతాయి, వలస ఓటరు ఎంతమంది బస్సెక్కి వస్తారు అన్నది పోలింగ్ శాతం పేరుతో జమిలిని సమర్థించేవారు ఇంతవరకూ పెద్దగా తాకని ప్రశ్న.

రెండో ఖాళీ స్థానిక సంస్థలది. మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ నేతృత్వంలోని కమిటీ 2024 మార్చి 14న ఇచ్చిన నివేదికలో, లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు జరిగిన 100 రోజుల్లోగా పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలు జరపాలని సిఫారసు చేసింది. ప్రవేశపెట్టిన బిల్లు ఆ భాగాన్ని ఇంకా తాకలేదు. కానీ ఫలితాల ప్రభావం అన్న కోణంలో ఈ 100 రోజులే అత్యంత సున్నితమైనవి. శ్రీలంకలో 2024 సెప్టెంబరు 21న అధ్యక్ష పదవికి ఎన్నికైన అనుర కుమార దిసనాయకకు మొదటి ప్రాధాన్య ఓట్లలో 42 శాతం మాత్రమే దక్కాయి. 54 రోజుల తర్వాత జరిగిన పార్లమెంటు ఎన్నికలో ఆయన కూటమి 61 శాతానికి పైగా ఓట్లతో 225లో 159 స్థానాలు గెలిచింది. పోలింగ్ మాత్రం 79 శాతం నుంచి 69 శాతానికి తగ్గింది. గెలిచినవారి వైపు కొత్త ఓటర్లు జరిగారు, ఓడినవారి ఓటర్లలో చాలామంది ఇంట్లో ఉండిపోయారు. 2025 మేలో స్థానిక ఎన్నికలు వచ్చేసరికి కూటమి ఓట్లు 43 శాతానికి దిగివచ్చాయి.

ఈ ప్రమాదాన్ని తెలుగు నేల మీద న్యాయస్థానాలు ఒకసారి గుర్తించాయి. 2014 మార్చి 30న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ ఎన్నికలు, ఏప్రిల్‌లో మండల, జిల్లా పరిషత్ ఎన్నికలు ముగిశాయి. వెంటనే లెక్కిస్తే ఆ ఫలితాలు సార్వత్రిక ఎన్నికల ఓటరును ప్రభావితం చేస్తాయన్న వాదనతో హైకోర్టు, సుప్రీంకోర్టు లెక్కింపును వాయిదా వేయించాయి. మే 7న చివరి విడత పోలింగ్ అయ్యాకే, 12, 13 తేదీల్లో ఓట్లు లెక్కించారు. అంతవరకూ పెట్టెలు వారాల తరబడి స్ట్రాంగ్ రూముల్లో పోలీసు కాపలాలో ఉన్నాయి. అప్పుడు చిన్న ఎన్నిక నీడ పెద్ద ఎన్నిక మీద పడకుండా చూశారు. కోవింద్ కమిటీ సూచించిన క్రమంలో పెద్ద ఎన్నికల ఫలితం ముందే వెలువడుతుంది. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేసి మూడు నెలలైనా నిండని సమయంలో, పార్టీ గుర్తులు లేని సర్పంచ్ ఎన్నికకు, గుర్తులుండే మండల, మునిసిపల్ ఎన్నికలకు గ్రామాలు, పట్టణాలు సిద్ధం కావాల్సి ఉంటుంది.